మొగం లేని బొమ్మకు దిష్టి చుక్క

నేను రంగేసిన మనిషికి మొగం లేదు. బూట్లున్నయి. మోకాలు కాడ పిగిలిన పాయింటున్నది. ఒక చేతుల చెరుకు నరికే కత్తి ఉన్నది. మెడ మీద, ముంజేతి మీద మట్టి ఉన్నది, ఆ మట్టి నా కుంచెదే. మొగం మాత్రం తువ్వాల కింద ఉంటది. తువ్వాల తీసి సూద్దామంటే రాదు, అది బట్ట కాదు, రెజిన్ అనే ప్లాస్టిక్ పాకం పోస్తే గట్టిపడ్డది. "లోపట ఏమున్నదే?" అని మా కోడల్ని అడిగిన. "ఏమీ లేదత్తయ్యా, కోడిగుడ్డులా నున్నగా ఉంటుంది" అన్నది.

ఇవి పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు. జానెడు పొడుగుంటయి. మీసాలు తెల్లవడ్డ మగోళ్లు కొంటరు. అద్దాల అల్మారిల నిలబెట్టుకుంటరు. కొందరైతే డబ్బ గూడ ఇప్పరట, ఇప్పితే దాని విలువ పోతదట. నాకు మొదట్ల నవ్వొచ్చేది. ఇప్పుడు రాదు. ఎందుకు రాదో చెప్త. నాకు సదువు తక్కువ, నోటితోని చెప్తున్న, రాసేటోళ్లు రాస్తున్నరు. నా మాట ఎట్లుంటే అట్లనే ఉంచుమన్న.

మా ఆయన బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేటోడు. ఫ్యాక్టరీ బందైనంక నిజామాబాద్‌కొచ్చి గంజ్‌ల హమాలీ పట్టిండు, పసుపు బస్తాలు మోసిండు. ఒంటికెప్పుడు పసుపు వాసనే. పోయేటప్పుడు గూడ గోర్లల్ల పసుపు ఉండె. నేను బీడీలు చేసిన. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, సుట్టి, దారం కట్టుడు. సూపు గట్ల కిందికే ఉంచి ఉంచి నడుము వంగింది గాని చేతి ఏళ్లు సాపైనయి. చవితి ముంగట గణపతుల షెడ్డుకు పోయేదాన్ని, దేవుళ్లకు రంగులేసెతందుకు. మొగడు సచ్చినదానివని కండ్లు దిద్దనియ్యకపోదురు. ధోతి, గద్దె, ఎలుక, గవి నా పనులు. ఎలుకకైతే కండ్లు నేనే పెట్టేదాన్ని, ఎలుకకు ఎవ్వడు అడ్డం రాలే.

ఆ షెడ్డుల ఒక రివాజు ఉండె. బొమ్మ పూర్తయినంక దాని చెవు ఎనుక ఆవగింజంత నల్ల చుక్క పెట్టాలె. దిష్టి చుక్క. పెట్టకపోతే సూసినోళ్ల కండ్లు పడి ఎండేటప్పుడు పగులు తీస్తదని. పెద్ద మేస్త్రి ఏది మర్సిపోయినా ఇది మరువకపోయేటోడు. "మట్టి పగిల్తే మల్ల మెత్తొచ్చు, దిష్టి తగిల్తే ఏం మెత్తుతవ్?" అని నన్నే పంపేటోడు చుక్కలు పెట్ట.

మా కోడలు క్యాంపు పిల్ల. బోధన్ అవుతల కాలువ నీళ్ల కింద ఆంధ్ర నుంచొచ్చి పొలాలు చేసుకునేటోళ్లున్నరు గద, ఆ క్యాంపుల పుట్టింది. మా కొడుకు రైసుమిల్లుల కరెంటు పని చేస్తడు, వాళ్ల క్యాంపు మిల్లు కాడనే ఈమెను సూసిండు. ఇంటికొచ్చిన కొత్తల ఈమె "అండీ" అంటే నాకు ఎవరినో పిలుస్తున్నదనిపించేది. నేను "గట్ల గాదు పిల్లా" అంటే నేను తిడుతున్ననని ఏడ్సేది. తర్వాత తర్వాత అలవాటయింది. ఇప్పుడు కోపమొస్తె నాకంటే గట్టిగ "గట్ల గాదు" అంటది.

హైదరాబాద్‌ల కంప్యూటర్ మీద బొమ్మలు చెక్కుడు నేర్సుకున్నది. కంప్యూటర్ల మట్టి ఉండదు, గాని మట్టిని వొత్తినట్టే వొత్తుతది, ఎలుకను పట్టుకొని. పెండ్లయినంక ఇక్కడ ఒక ఫోటో స్టూడియోల కూసున్నది. పెండ్లిపిల్లల మొగాలు తెల్లగ చేసుడు, ఆల్బంలు జేసుడు. "రోజంతా ముఖాలు తుడుస్తున్నానత్తయ్యా, ఒక్క మనిషిని కూడా చేయట్లేదు" అని ఇంటికొచ్చి ఒకనాడు పండుకున్నది, అన్నం తినలే. ఆ తర్వాత నౌకరి ఇడిసిపెట్టి మా మీది గదిల మిషన్ పెట్టుకున్నది. అచ్చు తీసే మిషన్, రబ్బరు అచ్చులు, రెజిన్ డబ్బలు. ఆ వాసన నెత్తికెక్కుతది. నన్ను పక్కన కూసుండబెట్టి కుంచె ఇచ్చింది.

పర్మిషన్ లేకుంట సినిమా హీరోల బొమ్మలు చేసి అమ్మేటోళ్లు మస్తుమందున్నరు. నేనే అన్న, "గందరు చేస్తలేరా, మనం చేస్తే ఏమైతది?" అని. ఆమె ఒప్పుకోలే. "దొంగ బొమ్మకు నా పేరు ఎలా వేసుకుంటానత్తయ్యా?" అన్నది. బొమ్మ అరికాలు మీద చేసినోళ్ల పేరు ఉంటదట, ఆ పేరు కోసం ఆమె పానం కొట్టుకుంటుండె. తిరిగి తిరిగి, ఒక సినిమా కంపెనీ కాడ పర్మిషన్ తెచ్చుకున్నది. ఆ సినిమాల హీరో చెరుకు నరికే కూలీ. మొదటి లాట్ బొమ్మలు వాళ్లకు నచ్చితే పర్మిషన్ ఈమె పేరు మీద నిలబడ్తది. నచ్చకపోతే గది తాళమే, మల్ల ఫోటో స్టూడియోనే. గిది ఇంట్ల అందరికి ఎరుకే. ఎవ్వరం నోటితోని అనకపోదుము.

పర్మిషనంటే ఒక్కటే కాయితం అనుకున్న నేను. కాదు. మనిషిని ముక్కలు ముక్కలు జేసి ఒక్కో ముక్క ఒక్కొక్కని దగ్గరుంటదట. ఒకనాడు ఫోన్ మాట్లాడొచ్చి కుర్చీల కూలవడ్డది.

"అత్తయ్యా, మొహం ఇవ్వరట."

"ఎవ్వరియ్యరు?"

"సినిమా వాళ్లు బట్టలిచ్చారు, కత్తిచ్చారు, నిలబడే తీరిచ్చారు. మొహం వాళ్లది కాదట, హీరోదట. ఆయన దాన్ని ముందే వేరే బొమ్మల కంపెనీకి ఇచ్చేశాడు."

"మొగం గూడ కిరాయికిస్తరా?"

"ఇస్తారు."

"మరి ఆయన పొద్దుగాల అద్దంల సూసుకునేటందుకు ఎవరిని అడుగుతడు?"

ఆమెకు నవ్వొచ్చింది గాని నవ్వలే. పోలిక ఉండొద్దన్నరట. ముక్కు, మూతి, గడ్డం, ఏదీ ఆయనలెక్క ఉండొద్దు. వేరేటోని మొగం పెడ్దామంటే అది సినిమా మనిషి కాకపాయె, ఎవ్వడు కొంటడు? రెండు దినాలు కంప్యూటర్ ముంగట తల పట్టుకున్నది. మొగం అటు తిప్పి ఈపు సూపెడ్దామన్నది, వద్దనుకున్నది. ఎంటికలు ముంగటికి ఏస్తె దయ్యం లెక్క అయింది.

దాని మీదికెల్లి బీడీ వచ్చిపడ్డది. సినిమాల ఆ హీరో ఏండ్ల సంది బీడీ తాగిన మనిషి, రెండు చేతి ఏళ్ల సందుల బీడీ లేకుంట కనవడడు. తంబాకు వస్తువు బొమ్మల ఉండరాదన్నరు. "బీడీ చేసి బతికిన నన్నే పక్కన పెట్టుకొని బీడీ వద్దంటవా?" అన్న నేను. "నేను కాదత్తయ్యా, వాళ్లు" అన్నది. అప్పటికే చెయ్యి చెక్కింది. బీడీ తీసేస్తె ఆ రెండు చేతి ఏళ్లు గాలిని పట్టుకున్నట్టున్నయి. సూడనీకె ఎట్లనో ఉండె, ఏదో అడుక్కుంటున్నట్టు.

ఆ పొద్దు మా కొడుకు మిల్లు నుంచి వచ్చిండు, మెడల తువ్వాల ఉన్నది. ఈమె లేసి పోయి ఆ తువ్వాల గుంజి వాని మొగానికి సుట్టింది.

"ఏయ్, ఏం చేస్తున్నవే? ఊపిరాడ్తలేదు!"

"ఊపిరి తర్వాత పీల్చుకో. కదలకు."

"అవ్వా, సూడు నీ కోడలు!"

"నేనేం సూడాలె రా, నువ్వే తెచ్చుకున్నవ్."

వాడు తువ్వాల కొస పట్టుకొని ముక్కు మీదికి కిందికి ఆడిస్తున్నడు. ఈమె ఒక్కసారి ఆగింది. వాని చెయ్యి దిక్కు సూసింది, మొగం దిక్కు సూసింది. "అలానే ఉండు, అలానే ఉండు" అని ఫోటోలు కొట్టింది. గంతే. మొగానికి తువ్వాల, బీడీ లేని చేతికి తువ్వాల కొస. చెరుకు ఆకు కోసుకుంటదని నరికేటోళ్లు గట్లనే కట్టుకుంటరు, నేను ఎన్ని వేల మందిని సూడలే! రెండు వద్దన్న కాడ ఒక్క పని పుట్టింది. హీరో తువ్వాల మీదికి గుంజుకుంటుండు, ఇప్పుడే చెరుకులకు దిగుతుండు అన్నట్టున్నది.

హీరో ముంజేతి మీద సినిమాల ఒక అమ్మవారి పచ్చబొట్టు ఉంటది. దేవుడు బొమ్మ మీద వద్దన్నరు. అక్కడ ఎండిన మట్టి పెట్టుమన్నది నన్ను. ఎనుక లారీ ఉంటది, లారీ కంపెనీది వేరే పర్మిషనట, అది కొట్టుకపోయింది. లారీ జాగల నరికిన చెరుకు మోళ్లు పెట్టింది. సినిమా సూసినోడు లారీ ఏదని అడుగుతడు, చెరుకు చేన్ల నడిచినోడు మోళ్లు సూసి కాలు ఎనుకకు తీస్తడు. నాకైతే మోళ్లే నచ్చినయి.

ముందుగాల శాంపిల్ బొమ్మ ఒకటి చేసింది. సినిమా కంపెనీ సారు వీడియో ఫోన్ల బొమ్మను అన్ని దిక్కుల తిప్పిచ్చి సూసిండు, సరే అన్నడు. ఇగ లాట్ల ప్రతి బొమ్మ ఆ శాంపిల్ లెక్కనే ఉండాలె, ఎక్కువ తక్కువ ఉండొద్దన్నడు.

కరెంటాఫీసుల పనిచేసే ఒక సారు మా గదికి వస్తుండె. యాభై దాటినై. బొమ్మలంటే పిచ్చి. ఇంట్ల భార్య నవ్వుతదని కొన్నయి ఆఫీసు బీరువల దాస్తడట. ఆ సారుకు శాంపిల్ సూపెట్టింది కోడలు. సారు కండ్లద్దాలు నెత్తి మీదికి జరిపి సూసిండు. సూసి సూసి, "మా బాపు నిలవడ్డట్టే ఉన్నడమ్మా" అన్నడు.

"సినిమా బొమ్మండీ సార్" అన్నది ఈమె.

"సినిమాదే. మొగం ఉంటే హీరో అయ్యేటోడు. మొగం లేదు గద, మా బాపు అయిండు. మాది చందూర్ దిక్కు, బాపు చెరుకు నరికేటోడు, సాయంత్రమయ్యేవరకు తువ్వాల తియ్యకపోయేటోడు. బాపు మొగం నాకు అన్నం కాడ్నే గుర్తు."

నేను తల లేపలే, బూటుకు రంగేసుకుంట కూసున్న. నాకు గూడ ఆ బొమ్మ ఎవరో ఒక్కలు లెక్క కనవడ్తనే ఉండె. ఆ దినం నుంచి పెద్ద మగోళ్లు బొమ్మలు కొంటుంటే నవ్వుడు బందు చేసిన.

లాట్ మొదలైంది. మొదటి కొన్ని బొమ్మలు పాడైనయి. ఒకదానికి చేతి కాడ బుడగ, ఒకదానికి మోకాలు కాడ ఎంటికంత పగులు. కోడలు రెజిన్ మార్సింది, గది ఎచ్చదనం సూసింది, అచ్చు కడిగింది. నేను సూసిన సూసిన, నా లెక్కల నేను పడ్డ. రంగయిపోయిన బొమ్మకు ఎడమ చెవు కింద, తువ్వాల ఆగిపోయే కాడ, ఆవగింజంత నల్ల చుక్క పెట్టుడు షురూ చేసిన. మల్ల పగులు రాలే. కోడలేమో రెజిన్ మార్సుడు పనిచేసిందన్నది. నేను ఊకున్న. గిది దాచిపెట్టిన సంగతి గాదు. ఉప్పు వేసుడు ఎవరికన్న చెప్పి వేస్తమా? గట్లనే పెట్టిన. లాటంతా పెట్టిన.

లాట్ పంపే ముంగట కంపెనీ సారు ఫోన్ల మల్ల సూస్తనన్నడు. కోడలు బొమ్మను చేతిల పట్టుకొని తిప్పుతున్నది. కత్తి సూసిండు, బూట్లు సూసిండు. ఎడమ దిక్కు తిప్పంగనె "ఆగండాగండి" అన్నడు.

"చెవి కింద అది ఏంటి?"

ఈమె దగ్గరికి తీసుకొని సూసింది. నా దిక్కు సూసింది. నేను కుంచె కడుగుతున్న.

"మచ్చలా ఉందండీ" అన్నది మెల్లగ.

"పుట్టుమచ్చ. శాంపిల్‌లో లేదు. మేడమ్, మన హీరోకి చెంప మీద మచ్చ ఉంటుంది. జనం ఆయన్ని గుర్తుపట్టేదే దానితో. మొహం కప్పేసి మచ్చ బయట పెట్టారా?"

"ఆయనది కుడివైపు కదండీ, ఇది ఎడమ..."

"ఏ వైపైనా పోలికే. ఆయన మొహం కొనుక్కున్న ఆ బొమ్మల కంపెనీ వాళ్లు చూశారంటే కోర్టుకు పోతారు. అన్నింటికీ ఉందా?"

ఈమె ఇంకొకటి తీసింది, ఇంకొకటి తీసింది. అన్నింటికి ఉన్నది. ఏం చేస్తది? "ఉందండీ" అన్నది.

"అయితే లాట్ పాస్ కాదు. పగలగొట్టి వీడియో పంపండి."

ఫోన్ పెట్టేసింది. నాకు సగమే సమజైంది గాని పగలగొట్టుడు సమజైంది. ఈమె చేతిల బొమ్మను డబ్బల పెట్టింది. తర్వాత లేసింది.

"అత్తయ్యా. ఏంటది?"

"దిష్టి చుక్క."

"దిష్టి చుక్కా? వీడికా? వీడికి ఎవరి దిష్టి తగులుతుంది? మొహమే లేదు కదా!"

"మొగం లేనోనికే ఎక్కువ తగుల్తది. అందరు వానిల ఎవరినో ఒకరిని సూసుకుంటరు."

"గట్ల గాదు!" అని గట్టిగ అన్నది. "శాంపిల్ లాగే ఉండాలని వెయ్యిసార్లు చెప్పాను. ఒక్క గీత ఎక్కువైనా ఒప్పుకోరని చెప్పాను. మీ కళ్ల ముందే కదా అన్నీ తీసేయించారు! బీడీ తీశారు, పచ్చబొట్టు తీశారు. అవన్నీ తీసినవాళ్లు మీ చుక్క ఉంచుతారా?"

"అవి వాళ్ల సినిమా సొమ్ము. చుక్క నాది. చుక్కకు గూడ పర్మిషన్ ఉంటదని నాకెట్ల ఎరుక?"

"మీది అయితే మీకే పెట్టుకోండి!"

ఆ మాటకు నేను కిందికి దిగిపోయిన. కోపంతోని పొయ్యి మీద పప్పు మాడ్సిన. మీద ఈమె ఎవరితోనో ఫోన్ల మాట్లాడుతున్నది, క్యాంపుల వాళ్లమ్మతోని కావచ్చు. మెట్లల్ల నిలవడి ఇన్న. ఇనాలని గాదు, పప్పు మాడిందని చెప్పెతందుకు పోయిన.

"లేదమ్మా, అత్తయ్యని ఏమీ అనకు. బాగున్న పనికే చుక్క పెడుతుందామె. బాగోలేకపోతే ఎందుకు పెడుతుంది?" అంటున్నది.

నేను ఎనుకకు తిరిగి వచ్చి ఇంకింత పప్పు పెట్టిన.

తెల్లారి నేను ఒక ఉపాయం చెప్పిన. మెడ మీద మట్టి ఎట్లాగు పెడ్తున్నం. ఆ మట్టిని చెవు కిందికి జర ఎక్కువ ఈడ్సుకస్తె చుక్క మునిగిపోతది. తుడుస్తె తోలు రంగు గూడ లేసొస్తది, మట్టైతె కమ్ముకుంటది. "పెట్టేసి పంపుదాం, అడుగుడెందుకు? ఎవనికి తెలుస్తది?" అన్న.

"చెప్పకుండా పంపితే కాపీ బొమ్మలు చేసేవాళ్లకి మనకి తేడా ఏముందత్తయ్యా? అడుగుతాను. వద్దంటే పగలగొడతాను" అన్నది.

"పగలగొట్టేటప్పుడు నన్ను పిలువకు. నేను సూడ."

ఒక బొమ్మకు నాతోని మట్టి పెట్టిపిచ్చి, ముంగట ఫోటో, ఎనుక ఫోటో పంపింది. చుక్క ఏందో, ఎందుకు పెట్టినమో గూడ రాసిందట. సారు తన పైనోళ్లను అడుగాలన్నడు. జవాబు కోసం మూడు నాలుగు దినాలు ఎదురు సూసినం. మా కొడుకు ఫోన్ మోగినప్పుడల్లా భార్య మొగం సూసేటోడు. ఈమె ఫోన్‌ను పిండి గిన్నె పక్కన పెట్టుకొని రొట్టెలు చేసింది, ఫోన్‌కంత పిండే. స్టూడియో ఆయన నౌకరి ఖాళీ ఉన్నదని కబురంపిండు, మా కొడుకు చెప్పబోతే నేను కండ్లతోని ఆపిన. చెప్తే ఆమె ఒప్పుకుంటదేమో అని భయమైంది నాకు.

తర్వాత సారు ఫోన్ చేసిండు. మట్టి ఒప్పుకున్నరు. గాని ప్రతి బొమ్మకు అదే జాగల, అదే ఆకారంల, అదే రంగుల ఉండాలె అన్నడు. చుక్క ఎక్కడ అగుపడ్డా లాట్ రద్దు.

"అందరి మెడల మీద ఒక్క తీరు మట్టి ఎట్ల పడ్తది సారు?" అన్న నేను ఎనుకనుంచి.

"అమ్మా, మీరేనా చుక్కలు పెట్టింది?" అని నవ్విండు. "చేన్లో ఎలా పడ్తదో నాకు తెలవది, కాయితంలో మాత్రం ఒక్క తీరే పడాలి."

మా మాట తీరు ఆయన నోట్ల గూడ జర ఉన్నది, ఏ ఊరోడో అనిపిచ్చింది. అడుగలే.

అన్నింటికి ఒక్క తీరు మట్టి పెట్టిన. బీడీలు ఒక్క తీరు సుట్టుడు నేర్సిన చేతి ఏళ్లు గద, అది కష్టం గాలే. కష్టమైంది ఏందంటే, ఒక్కొక్క చుక్క మీద మట్టి కమ్మేటప్పుడు మనసు జర్రుమన్నది. చుక్క లోపట్నే ఉన్నది, ఎవ్వరికి కనవడది, ఉన్నదని కోడలు చెప్పింది, వాళ్లు ఒప్పుకున్నరు. దొంగతనం గాదు గద అనుకుంట పెట్టిన. లాట్ పోయింది. పాసయింది. కోడలు పర్మిషన్ కాయితం తెచ్చి నాకు సూపెట్టింది, ఆమె పేరు ఉన్న కాడ ఏలు పెట్టి సూపెట్టింది. ఆమె పేరును నేను సదువుకున్న, మెల్లమెల్లగ. ఆ కాయితంల కొత్తగ ఒక మాట ఎక్కిచ్చిండ్రట, శాంపిల్ బొమ్మల లేని ఏ గుర్తు, ఏ చుక్క పెట్టొద్దని. "ఇది మీ కోసమే రాశారత్తయ్యా" అన్నది. మా కొడుకు పొట్ట పట్టుకొని నవ్విండు.

ఇప్పుడు ఇంకో బొమ్మ మొదలువెట్టింది, అదే సినిమాలది, ఒక ముసలామె. ఈసారి మొగం ఇచ్చిండ్రు, చీర ఇయ్యలే, చీర నేసినోళ్లది వేరే హక్కట. అంచు లేని చీర గీస్తున్నది. మొన్న నన్ను అడుగకుంటనే సారుకు ఫోన్ చేసి, ఈ బొమ్మ అరికాలు మీద, తన పేరు పక్కన, ఒక్క చుక్క పెట్టుకోనిస్తరా అని అడిగింది. నేను పక్కనే ఉన్న. సారు కుదరదన్నడు, మర్యాదగనే అన్నడు.

ఫోన్ పెట్టేసింది. మిషన్ కింద దుమ్ము తుడ్సింది.

"అత్తయ్యా, నల్ల రంగు తెరవండి. మిషన్‌కి పెట్టండి. దీనికి ఎవ్వరి పర్మిషన్ అక్కర్లేదు."

"దానికి దిష్టి ఎవరిదే?"

"నాదే. ఎప్పుడూ దాన్నే చూస్తున్నానుగా."

కింద కూసోని, మిషన్ ఎడమ కాలు కాడ పెట్టిన. ఆవగింజంత పెడ్దామనుకున్న, కుంచెకు రంగు ఎక్కువై చింతగింజంత అయింది. తుడ్వలే. ఆమె గూడ తుడ్వుమనలే, అంచు లేని చీర ముంగట పోయి కూసున్నది.